మాస్టారి మొహమే గురి

డబ్బిచ్చి మరీ డ్రాయింగ్ మాస్టారి మొహాన తడి స్పాంజి కొట్టొచ్చని తెలియగానే అపార్ట్‌మెంటంతా కిందికి దిగిపోయింది. వచ్చిన సొమ్ము క్యాన్సర్ రోగుల సాయానికి, పరిశోధనకి. ఇంకేం, ముసలీ ముతకా కూడా చొక్కా చేతులు పైకి మడుచుకుని వరసలో నిలబడ్డారు.

ఆలోచన మాస్టారిదే. చెక్క మీద పెద్ద జోకరు బొమ్మ గీసి, మొహం ఉండాల్సిన చోట కన్నం కోశారు. కన్నం మరీ ఎత్తులో ఉందని సెక్రటరీ గొణిగినా వినలేదు. స్టూలెక్కి మరీ అందులో తల పెట్టారు.

స్పాంజిలు అమ్మే పని టైలరమ్మది. ఎదురు ఫ్లాటే కాబట్టి, ఈమధ్యే అద్దెకి దిగిన మాస్టారి సంసారం ఆవిడకి కొట్టినపిండి. రోజూ పొద్దున్నే మాస్టారి భార్య కిటికీ దగ్గర మహారాణిలా కూర్చుంటుంది. మాస్టారు వెనక నిలబడి జడ వేస్తారు. అదీ వంకరగా! జాకెట్లేమో చంకల దగ్గర బాగా వదులుగా కుట్టమంటుంది. ఇదేం ఫ్యాషనో! పెళ్ళాం మీద ప్రేముండాలి గానీ, మరీ ఇంత నెత్తికెక్కించుకోవాలా?

వాచ్‌మన్ మొదటి దెబ్బకే మాస్టారి ముక్కు తడిపాడు. సెక్రటరీ భార్య చెవి తడిపింది. చివరికి మాస్టారి భార్య వచ్చింది.

మొదటి స్పాంజి ఆవిడ కాళ్ళ దగ్గరే పడింది. రెండోది జోకరు బూటుకి తగిలింది. జనం ఘొల్లుమన్నారు.

"ఇంట్లో గరిటె అయితే గురి తప్పదేమో!" అన్నారు సెక్రటరీ.

"ఎడంచేత్తో వెయ్యండి వదినగారూ," అంది టైలరమ్మ.

"ఉహూఁ, కుడిచేత్తోనే. ఆయనతో పందెం."

"ఏం పందెం?"

"తగిలితే రేపట్నుంచి నా జడ నేనే వేసుకోవాలి."

అదా సంగతి! అందుకే కావాలని తప్పిస్తోందన్నమాట. టైలరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"ఇంకోటివ్వండి! డబ్బులు నేనిస్తా!" కన్నంలోంచి అరిచారు మాస్టారు. సొంత డబ్బుతో దెబ్బలు తినడానికి ఇంత తహతహలాడే మొగుణ్ణి టైలరమ్మ ఎక్కడా చూళ్ళేదు. పాపం, ఆ దువ్వెన చాకిరీతో ఎంత విసిగిపోయారో!

బకెట్లో ఆఖరి స్పాంజి మిగిలింది.

"ఈసారైనా మనసుపెట్టి కొట్టండి తల్లీ. ఆ మహానుభావుణ్ణి వదిలిపెట్టండి," అంటూ టైలరమ్మ ఆవిడ చేతిలో పెట్టింది.

ఆవిడ నవ్వలేదు. పళ్ళు బిగించింది. చెయ్యి మెల్లగా పైకి లేచింది. ఆగింది. మళ్ళీ లేచింది. నుదుట చెమట పట్టింది.

ఫట్! స్పాంజి సరిగ్గా మాస్టారి మొహం మీద పడింది.

"మాస్టారికి విడుదల!" అని జనం ఈలలు వేశారు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది టైలరమ్మే. స్టూలు మీంచి దూకి, నీళ్ళోడుతూ పరుగెత్తుకొచ్చిన మాస్టారు భార్య కుడిచేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. ఆ తర్వాత ఎవరికో ఫోన్ చేశారు.

"డాక్టరమ్మా, రొమ్ము క్యాన్సర్ ఆపరేషనయ్యాక ఇన్నాళ్ళకి మా ఆవిడ కుడిచెయ్యి భుజం దాటి లేచిందమ్మా!"