యంత్రం మీద ఫిర్యాదు

బ్యాగు గుమ్మం పక్కన దింపి, టైలరుగారమ్మాయి ఒక మడత కాగితం ఇన్‌చార్జి మేడం బల్ల మీద పెట్టింది.

"వెళ్ళేముందు ఇది ఇచ్చి పోదామని వచ్చాను మేడం. మన యంత్రంలో తప్పులున్నాయి."

ఉపకారవేతనం మీద కంప్యూటరు చదువుకి వచ్చిన పిల్లల కోసం కాలేజీ ఆ గది తెరిచింది. మొదటి ఏడాది సందేహాలు తీర్చడానికి మనుషుల్ని కూర్చోబెడితే సిగ్గుతో ఒక్కరూ గడప తొక్కలేదు. మరుసటి ఏడాది గోడవారగా కంప్యూటర్లు పెట్టి, "జవాబు చెప్పేది యంత్రం. ఏమడిగినా నవ్వదు" అని కాగితం అంటించారు. అప్పటినుంచి అక్కడ కుర్చీ దొరకడం గగనమైపోయింది.

ఈ పిల్ల కాలేజీకి వచ్చేదాకా కంప్యూటరు ముట్టుకున్నది లేదు. నెల రోజులపాటు తెర ఒక్కటే ఆర్పేసి, కంప్యూటరు కట్టేశాననుకుని నిశ్చింతగా హాస్టలుకి పోయింది. ఆ సంగతి యంత్రానికి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. "పోనీలే, పాపం దానికి నెలంతా నిద్ర లేదన్నమాట" అని జవాబొచ్చింది.

వారంలో పరీక్ష. ఒక్క పేపరు పోయినా ఉపకారవేతనం ఆగిపోతుంది. క్లాసులో అందరూ తలలూపుతుంటే తానూ ఊపుతోంది గానీ, ఈ చదువుకి తాను పనికిరానని తేల్చేసుకుంది. పొమ్మనిపించుకునేదాకా ఉండటం దేనికి, నాన్న కొట్లో గుండీలు కుట్టుకుంటానని టికెట్టు కొనేసింది.

మేడం కళ్ళజోడు తగిలించుకుని చదవసాగింది. ఒకే ప్రశ్న సోమవారం అడిగితే ఒక జవాబు, బుధవారం అడిగితే ఇంకో జవాబు. చిత్రమేమిటంటే రెండూ సరైనవే. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి అరగంట మూగనోము. శుక్రవారం సాయంత్రాలు అచ్చుతప్పులెక్కువ. ప్రతిదానికీ తేదీ, వేళ రాసి ఉన్నాయి.

నాలుగోదాని దగ్గర మేడం ఆగింది.

"పదకొండు నిమిషాలా?"

"గడియారం చూశాను మేడం. నిన్న 'నేను వెళ్ళిపోతున్నా' అని కొట్టాను. పదకొండు నిమిషాలు ఉలుకూ పలుకూ లేదు. ఆఖరికి 'వద్దు' అని వచ్చింది. ఒక్క మాటకి అంతసేపా? ఎక్కడో తిరిగినచోటే తిరుగుతోంది."

"ఎక్కడంటావు?"

ఆ పిల్ల అడగనైనా అడక్కుండా మేడం చేతిలోని పెన్ను లాక్కుని, కాగితం వెనక గళ్ళు గీసి, గీతలు కలిపి, ప్రశ్న ఎటు వెళ్తుందో, జవాబు ఎటునుంచి వస్తుందో, మధ్యలో ఎక్కడ చిక్కుపడుతోందో చెప్పుకుపోయింది. మేడం టీ చల్లారింది.

"బస్సెన్నింటికి?" అంది మేడం.

"రెండింటికి. ఈ చదువుకి నేను పనికిరాను మేడం."

"పనికిరానిదానివి ఇంత పని ఎందుకు చేశావే?"

తన తర్వాత వచ్చేవాళ్ళు ఇబ్బంది పడకూడదని చేశానని గొణిగింది పిల్ల.

మేడం కళ్ళజోడు తీసి కాగితం మడిచింది. తర్వాత, రోజుకి రెండు గంటలు యంత్రం పని చూస్తే నెలజీతం ఇస్తామనీ, పరీక్ష పోయినా ఆ జీతం ఆగదనీ చెప్పింది. ఆ పని తనకి రాదు కదా అని పిల్ల నసిగింది.

"ముందు చూడు. నచ్చకపోతే బస్సెక్కు."

ఎప్పుడూ మూసి ఉండే పక్కగది తలుపు మేడం తోసింది.

నలుగురు సీనియర్లు తెరల మీది ప్రశ్నలకి జవాబులు టైపు చేస్తున్నారు. అయిదో కుర్చీ ఖాళీ.