చూపు ఆనని అంపైరు

ప్రెస్సులో బైండింగు వాళ్ళకీ మెషీను వాళ్ళకీ మ్యాచ్. ఆఖరి బంతి. గెలవాలంటే బైండింగుకు రెండు పరుగులు కావాలి.

బ్యాటు పట్టిన బైండింగు బావకు ఆ పరుగులు అక్కర్లేదు. ఈ రోజుల్లో ఫోన్లో దేని మీదైనా పందెం కాయొచ్చు, ప్రెస్సు మ్యాచ్ మీద కూడా. తన జట్టు సంగతి తనకు తెలియదా! జీతమంతా మెషీను వాళ్ళ మీద కాశాడు.

బంతి పట్టిన మెషీను బావమరిదికీ తన జట్టు సంగతి తెలుసు. అతను బైండింగు మీద కాశాడు.

"కొట్టు బావా, నీ కాళ్ళు పట్టుకుంటా!"

"నేను దీన్ని కొడితే మీ అక్క నన్ను కొడుతుందిరా. తిన్నగా వెయ్యి."

బావమరిది కావాలనే బారెడు దూరంగా విసిరాడు. అంపైరు చేతులు చాచాడు. వైడు, ఒక పరుగు. స్కోర్లు సమానం. బంతి మళ్ళీ వెయ్యాలి.

ఇక మెషీను వాళ్ళు గెలిచే దారి లేదు. బావ పందెం గంగలో కలిసింది. "నాకు దక్కనిది నీకు దక్కనిస్తానా!" అంటూ బ్యాటు పారేసి, వికెట్ల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

బావమరిది నవ్వుతూ ఈసారి ఇంకా దూరం విసిరాడు. క్యాంటీను అద్దం భళ్ళుమంది.

"తిన్నగానే పడిందిరా అబ్బాయ్," అన్నాడు అంపైరు. "ఆట అయిపోయింది. సమానం."

ఇద్దరూ కలిసి ఆయన మీదకు వెళ్ళారు. "కళ్ళు కనబడవా తాతా?"

"కనబడితే నా ఉద్యోగం ఎందుకు పోతుందిరా?"

నిజమే. చూపు ఆనడం లేదని ప్రెస్సు వాళ్ళు ఇంటికి పంపేసిన ప్రూఫ్‌రీడరాయన. అందుకే ఇద్దరూ ఏరికోరి ఆయన్ని అంపైరుగా నిలబెట్టారు.

బావా బావమరుదులు తలలు వంచుకుని వెళ్ళిపోయాక, ముసలాయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఫోన్లో చీమ తలకాయంత అక్షరాలు గడగడా చదువుకున్నాడు:

"సమానం మీద పందెం కాసినవారు: ఒక్కరు."