తొండానికి తొడిగిన మాస్కు

అడవిలో దగ్గు జబ్బు ప్రబలింది. మాస్కు లేనిదే ఎవరూ వాగు దాటకూడదని అడవి పంచాయతీ చాటింపు వేసింది. అవతలి గట్టున మనవరాలు పుట్టిందని తెలిసి, ఏనుగమ్మ నోటికి టేకాకు కట్టుకుని పరుగున వచ్చింది.

"ఆగమ్మా! ముక్కు మూసుకోలేదే?" అంది కాపలా తాబేలు.

"ముక్కెక్కడో మూరల దూరాన ఉంది. నోరు మూశాను, చాలదూ?"

"తుమ్మేది దాంతోనేగా!"

ఏనుగమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. తొండానికి సరిపడే మాస్కు ఎక్కడ దొరుకుతుంది?

కొమ్మ మీది గిజిగాడు నవ్వాడు. "ఏడవకు పిన్నీ! మా ఆవిడ నచ్చలేదని వదిలేసిన కొత్త గూడుంది, తొడుక్కో."

గూడు అతికినట్టు సరిపోయింది. తాబేలు పక్కకు జరిగింది. అవతలి గట్టున ఏనుగమ్మ గూడు తొడిగిన తొండంతోనే పసిదాని బుగ్గ నిమిరింది. గడ్డి గిలిగింతలకు ఆ పసిది పుట్టాక మొదటిసారి కిలకిలా నవ్వింది.