నూటపన్నెండు మందిలో ఒకడు

"మా తమ్మున్ని రోగిష్టోన్ని చేసింది మీరే. మీరు, మీ డబ్బా."

చెప్పులు విడవకుండానే కరీంనగర్‌లోని ఆ కంప్యూటర్ దుకాణంలోకి వచ్చాడు దశరథం. ప్రోగ్రాములు రాసే నర్మద ఒక్కతే కూర్చుని ఉంది.

"ఎవరన్నా నువ్వు?"

"సిరిసిల్ల. భూపాల్‌రావు దొర కార్ఖాన. బట్ట నేసే సాంచాలు నడిపేటోళ్లం నూటపన్నెండు మందిమి. మా పేర్లు ఎక్కిచ్చే ప్రోగ్రాం మీరే ఇచ్చిండ్రు గదా. అదేం అడుగుతుందో ఎరుకేనా? నెత్తురు ఏ గ్రూపు, షుగరు ఉన్నదా, మూత్రం ఎట్లున్నది. మొండయ్య మామను మంచం నంబరడిగింది. సాంచ కిందనే పంటడని రాయిచ్చినం."

నర్మద నవ్వు ఆపుకుంది. "దవాఖాన ప్రోగ్రాం ముక్కలు అండ్లకు వచ్చినట్టున్నయి. పొరపాటైంటది."

"పొరపాటు మీది, కొలువు పోయేది మావోనిది. డాక్టరొచ్చి అందరి నెత్తురు తీస్కపోయిండు. మీ డబ్బా మా తమ్ముడు అంబదాస్ ఒక్కని పేరే బయటికి తీసింది. వానికి మళ్ల రెండుసార్లు తీసిండ్రు. ఇయ్యాల పన్నెండింటికి దొర కారుల హైదరాబాద్ తోల్కపోతరట. కొత్త సాంచాల పని నేర్పిస్తరట. గింతమందిల వాడొక్కడేనా? టీబీ ఏదో దొరికింది, మెల్లగ బయటికి నూకుతుండ్రు. ఆ పేరు తియ్యి. వాని కొలువు నిలవెట్టు."

గోడ గడియారంలో పదకొండున్నర దాటింది.

"గట్ల ఎన్నడూ కాలే అన్నా. మేం ఒక్కొక్కలకు ఒక్కో ప్రోగ్రాం రాయం. పెద్దది ఒక్కటే ఉంటది. మిల్లుకు, లాడ్జికి, దవాఖానకు కావాల్సినయన్నీ అండ్లనే. గిరాకీ తనకు ఏం కావాల్నో చెప్తే నేను ఒక కాయితం మీద టిక్కులు పెట్టి సంతకానికి పంపుత. అది తిరిగొచ్చినంక దుకాణం పిల్లగాడు టిక్కులు ఎక్కిస్తే మిషనే ఏరుకొని వాళ్ల ప్రోగ్రాం తయారు చేస్తది. టిక్కు లేనిది రానే రాదు."

"మరి మాకెట్లొచ్చింది?"

ఆమె లేచింది. బీరువా తెరిచి కార్ఖానా కాయితం తీసింది. హాజరు, నూలు, బట్ట: అన్నిటికీ నీలం సిరా టిక్కులు, ఆమె చేతివే. వెనక పేజీలో దవాఖాన ప్రశ్నల దగ్గర రెండు పచ్చ సిరా టిక్కులు ఉన్నాయి.

"ఇవి నేను పెట్టలే."

దశరథం వంగి చూశాడు. "పచ్చ సిరా దొరదే. హాజరు పట్టీ మీద గదే సంతకం. దొరకు దవాఖాన ముక్కతోని ఏం పని? ఏం రాసున్నది?"

"ఒకటి, రోగి వివరాలు. రెండోది, రోగికి సరిపోయే మనిషిని ఎతికేది. పెద్ద దవాఖానోళ్లు అడిగితే రాసిన."

"రోగి ఎవరు? మా వోడేనా?"

"కాదు. రోగికి సరిపోయేటోన్ని ఎతికితే మీ వోని పేరు దొరికింది. రోగి వేరే ఉండాలె."

"జర తెలుగుల చెప్పు చెల్లె. నా తలకాయ తిరుగుతుంది."

"నాకూ తిరుగుతుంది."

పోయిన వారం ప్రోగ్రాం మధ్యలో ఆగిపోతోందని కార్ఖానా గుమాస్తా పంపిన ఫ్లాపీ ఇంకా బల్ల సొరుగులోనే ఉంది. మిషన్లో పెట్టి పేర్ల పట్టీ తెరిచింది.

"ఎంతమందిమన్నవు?"

"నూటపన్నెండు. లెక్క నాకు తప్పదు, యూనియన్ రసీదులు నేనే రాస్త."

"ఇక్కడ నూటపదమూడు పేర్లున్నయి."

"ఆ ఒక్కడెవడు? మా అందరిల చచ్చినోళ్లు లేరు, కొత్తోళ్లు రాలే."

నర్మద మొదటి వరుసకు పోయింది. పేరు చదివింది, పక్కనున్న జబ్బు చదివింది. మళ్లీ చదివింది. ఫోన్ లాగి అతని చేతిలో పెట్టింది.

"ఏందమ్మా, కొలువు ఉన్నట్టా, పోయినట్టా?"

"నీ తమ్మున్ని కారెక్కనియ్యకు, మీ దొరవి రెండు కిడ్నీలు చెడిపోయినయి."