పక్కింటి సాంచాలు

"మీ ఇంట్ల ఏదో తక్కువున్నదక్కా," అన్నాడు దేవేందర్, ఇల్లు కొంటానని మూడోసారి చూడటానికి వచ్చి.

వసంతకు ఒళ్లు మండింది. మొదటిసారి వంటగది ఇరుకన్నాడు. రెండోసారి బోరునీళ్లు ఉప్పగా ఉన్నాయన్నాడు. ఈసారి ముసలి తల్లిని కూడా వెంటబెట్టుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు.

దేవేందర్ వచ్చిన ప్రతిసారీ వసంత పక్కింటి సదానందాన్ని బతిమాలి అతని సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆపిస్తోంది. అరగంట ఆపుతానన్నాడు సదానందం. అప్పటికే నలభై నిమిషాలైంది.

"ఏం తక్కువున్నదో సాఫ్ చెప్పుండ్రి," అంది గడియారం చూస్తూ.

అంతలో గోడ అవతల ఎనిమిది సాంచాలు ఒక్కసారిగా మొదలయ్యాయి. గోడకున్న క్యాలెండర్ వణికింది.

"ఆపమని చెప్పొస్త!" వసంత గుమ్మం వైపు పరుగెత్తింది.

"ఆగక్కా!" దేవేందర్ గొంతు తగ్గించి, తల్లిని చూపించాడు.

అప్పటిదాకా మేలుకునే ఉన్న ముసలామె తల పక్కకు వాల్చి నిద్రలోకి జారుకుంటోంది.

"నలభై ఏండ్లు భివండిల సాంచాల నడుమనే పండుకున్నది. సిరిసిల్లకు అచ్చినప్పటి సంది కన్ను మూస్తలేదు. మీ పక్కన సాంచాలున్నయంటేనే అచ్చిన. అచ్చినప్పుడల్లా బందే ఉండె."

వసంత గుమ్మంలోనే నిలబడిపోయింది. మూడుసార్లూ ఆ ఒక్కటే దాచి, మిగతా ఇల్లంతా చూపించింది.

"రాత్రి గూడ నడుస్తయా అక్కా?"

"తెల్లార్లు నడుస్తయి," అంది వసంత.

పదేళ్లుగా కంటిమీద కునుకు లేకనే ఆమె ఆ ఇంటిని అమ్మకానికి పెట్టింది.