టోకెన్ బోర్డును ఆపిందెవరు?

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు: అక్క, బావ, బావ వాళ్లమ్మ, గువ్వ. నలుగురిలో ఒకరు దొంగ. ఒకరు డిటెక్టివ్. ఆ డిటెక్టివ్ తానేనని గువ్వ వారం కిందటే ఓ పొద్దున పళ్లు తోముకుంటూ తీర్మానించుకుంది. పైకి ఎవరితోనూ అనలేదు. అనేంత గొంతు ఆమెకెక్కడిది? షాపులో పెన్సిల్ అడగడానికి వెళ్లి, అడగకుండానే రెండుసార్లు తిరిగొచ్చే రకం. సెలవులకు అక్క ఇంటికొచ్చి పది రోజులైంది. బావతో మాట్లాడినదంతా కలిపితే డైరీలో అర పేజీ రాలేదు.

బావ ఒక కంటి ఆసుపత్రిలోని అరవై కంప్యూటర్లను ఇంటి నుంచే చూసుకుంటాడు. కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. ఒక్కోదానిది ఒక్కో పద్ధతి. ఈ మధ్య ఆసుపత్రివాళ్లు కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చారు. ఎందులో ఏ ప్రోగ్రాం ఉండాలో, ఏది ఆగకుండా నడవాలో ఒక జాబితా రాసి పెడితే చాలు. ప్రతి కంప్యూటర్లోనూ డ్రైవర్లనే చిన్న ప్రోగ్రాములుంటాయట. అవి అరగంటకోసారి జాబితా చూసి, లేనిదాన్ని తెచ్చిపెడతాయి, ఆగినదాన్ని మళ్లీ నడిపిస్తాయి. ఏ కంప్యూటర్‌కు తగ్గట్టు దానికి. బావ ఇదంతా చెబుతూ డ్రైవర్ అనగానే గువ్వ కారేదైనా వచ్చిందా అని కిటికీలోంచి వీధిలోకి చూసింది. అంత తెలివైన డిటెక్టివ్.

అది వచ్చాక బావకు పనే లేకుండా పోయింది. అన్నీ వాటంతటవే బాగవుతుంటే ఇక నువ్వెందుకయ్యా అని పై అధికారి నవ్వుతూనే అన్నాడట. బావ మాత్రం నవ్వలేదు.

ఆ తర్వాతి వారమే రోగులను పిలిచే టోకెన్ బోర్డు ఆగిపోవడం మొదలైంది. డ్రైవర్ చూసుకుని నడిపించేసరికి అరగంట పడుతుంది. బావ రెండు నిమిషాల్లో నడిపించేవాడు. బావ ఉండబట్టి సరిపోయిందని ఆసుపత్రిలో అందరూ అనుకున్నారు. అంతలోనే ఇంకో సంగతి తేలింది. బోర్డు దానంతటది ఆగడం లేదు. ఎవరో ఆపుతున్నారు, అదీ ఈ ఇంట్లోని కంప్యూటర్ నుంచే. బావ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి తెరకే అంటించుకున్నాడు కాబట్టి ఎవరైనా కావచ్చు. ఆ రోజు మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఆఫీసరమ్మ విచారణకు వస్తోంది. తేడా వస్తే బావ ఉద్యోగం ఊడుతుంది.

గువ్వ అనుమానం అత్తయ్య మీద. ఆవిడ రెండుసార్లు బావ గదిలోకెళ్లి కంప్యూటర్ వైరు పీకేసింది. దుమ్ము తుడుస్తుంటే చెయ్యి తగిలిందంది. చేతిలో గుడ్డ ముక్క కూడా లేదు. అక్కా తక్కువేం కాదు. నాలుగు రోజులుగా బావతో మాటల్లేవు. ఈ ఉద్యోగం పోతే పీడా పోతుందని వంటింట్లో గొణుక్కోవడం గువ్వ చెవిన పడింది.

అందుకే ఆమె హాల్లో స్టూలు మీద కూర్చుని, చదువుకుంటున్నట్టు నటిస్తూ, బావ గదిలోకి ఎవరు ఎప్పుడు వెళ్లారో, బోర్డు ఆగిందని ఆసుపత్రి నుంచి ఫోన్ ఎప్పుడు మోగిందో వారమంతా రాసింది. రాస్తున్నకొద్దీ బావ మీద గౌరవం పెరిగింది. ఫోన్ మోగిన ప్రతిసారీ ఆయన అప్పటికే కుర్చీలో ఉన్నాడు. అంత శ్రద్ధ. శనివారం పేజీ మాత్రం చప్పగా ఉంది: "బావ పళ్ల డాక్టర్ దగ్గరికెళ్లారు, సాయంత్రం దాకా రాలేదు. ఫోన్ మోగలేదు. దొంగ కూడా సెలవు తీసుకున్నట్టుంది."

ఆఫీసరమ్మ వచ్చింది. ఒక్కొక్కరినీ అడిగింది. తెలియదన్నారు. అత్తయ్య ఏదో చెప్పబోయింది. అక్క ఆవిడ చేతిలో మంచినీళ్ల గ్లాసు పెట్టింది. ఇది తేలేలా లేదని ఆఫీసరమ్మ ఫైలు మూసింది. బావ నుదుటి మీద చెమట. పాపం, తప్పు చెయ్యనివాడి భయమనుకుంది గువ్వ.

డైరీ పట్టుకుని లేచింది.

"మా బావ మంచివారండీ. నా దగ్గర రుజువుంది."

అంత పెద్ద వాక్యం ఆమె కొత్తవాళ్ల ముందు ఎన్నడూ మాట్లాడలేదు. డైరీ అందించింది. ఆఫీసరమ్మ మళ్లీ ఫైలు తెరిచి, బోర్డు ఆగిన వేళలున్న తన కాగితం పక్కన డైరీని పెట్టుకుంది. ఒక వేలు దాని మీద, ఒక వేలు డైరీ మీద, రెండూ కలిసి కిందికి దిగాయి. శనివారం దగ్గర ఆగాయి.

"ఆ రోజు మీ అక్కా, అత్తయ్యా ఇంట్లోనే ఉన్నారా అమ్మాయ్?"

"ఉన్నారండీ. బావ ఒక్కరే లేరు."

ఈ పేజీలు తీసుకోవచ్చా అని ఆవిడ అడిగింది. గువ్వ మురిసిపోయి తానే చింపి ఇచ్చింది. తనతో ఆసుపత్రికి రమ్మని ఆఫీసరమ్మ బావకు చెప్పింది. సన్మానం లాంటిదేదో చేస్తారు కాబోలనుకుంది గువ్వ. బావ తలెత్తకుండా చెప్పులేసుకుని ఆవిడ వెనకే వెళ్లాడు.

కేసు గెలిచిన డిటెక్టివ్‌కు ఎవరో ఒకరు శభాష్ అనాలి కదా. గువ్వ అక్క వెనకాలే గది దాకా వెళ్లింది. అక్క గుమ్మంలో ఆమె వైపు తిరిగింది.

"పాస్‌వర్డ్ కాగితం తెరకు అంటించినందుకు నాలుగు చీవాట్లు పెట్టి పోయేదే ఆవిడ. ఆ బోర్డు ఆపుతున్నది మీ బావేనని ఈ ఇంట్లో తెలియనిదానివి నువ్వొక్కదానివే, నిమిషాలతో సహా రాసిచ్చిందానివీ నువ్వే," అని అక్క తలుపు మూసేసింది.