వచ్చే దారే పోయే దారి

ఒక గట్టు కింద ఎలుకల ఊరుండేది. పాత కలుగులన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉండేవి. ఎటు దూరినా ఎక్కడో ఒకచోట తేలవచ్చు. ఊరు పెరిగేసరికి గుండప్ప అనే పందికొక్కు కొత్త పేట తవ్వించాడు.

"దారిన పోయే ప్రతివాడూ మన గుమ్మం తొక్కుతూ పోవడం నాగరికతేనా?" అన్నాడు. "ఇక్కడ ఏ కలుగూ ఇంకో కలుగులో కలవదు. వచ్చే దారే పోయే దారి. ఎంత ప్రశాంతత!"

ఎలుకలు మురిసిపోయాయి. చుంచెలుక నాంచారి పిల్లలతో అక్కడ కాపురం పెట్టింది. గోడకు అటువైపే అక్క మంగాయి ఇల్లు. అక్క గింజ కొరికితే చెల్లెలికి వినిపిస్తుంది. అక్కను చూడాలంటే మాత్రం బయటికొచ్చి, గట్టంతా చుట్టి, సగం పూట నడవాలి. ప్రశాంతత అంటే మాటలా మరి!

ఒకరోజు నాంచారి కలుగులోకి పాము దూరింది.

"అక్కా, పాము!" అని నాంచారి గోడకు కరుచుకుపోయింది.

"ఏడవకే, గోకు! నేనూ ఇటునుంచి గోకుతున్నా!" అని అరిచింది మంగాయి.

పాము తాపీగా వస్తోంది. దానికి తొందరేముంది, దారి ఒకటే కదా! ఈలోగా గోడకు చిల్లు పడింది. నాంచారి పిల్లల్ని అటు తోసి, తనూ దూరింది. అక్కచెల్లెళ్లు మట్టి ఎగదోసి చిల్లు మూసేశారు. పాము వెళ్లిపోయాక మళ్లీ తెరిచారు.

సంగతి తెలిసి గుండప్ప పేట పెద్దలతో వచ్చాడు. "పేట పరువు తీశారు! వెంటనే పూడ్చండి!" అని మండిపడ్డాడు.

పెద్దలందరూ వెళ్లాక గుండప్ప ఒక్కడే వెనక్కి వచ్చాడు.

"అమ్మా, మా ఇంటి వెనక గోడ కూడా కాస్త గోకిపెడతారా? నా పొట్ట పట్టేంత ఉండాలి. పేటలో ఎవరికీ చెప్పకండేం!"